సైకిల్ టు వర్క్ స్కీమ్: 900 పౌండ్ల సైకిలు నాకు ఎంతకు పడిందంటే

ముందే చెప్పేస్తాను. ఇంగ్లండ్‌లో నెల జీతం మీద పనిచేస్తూ, పనిచోటు సైకిలు తొక్కగలిగే దూరంలో ఉంటే, జీతంలోంచి వాయిదాల్లో పట్టుకుని సైకిలు ఇప్పించే సైకిల్ టు వర్క్ స్కీమ్ తప్పకుండా తీసుకోండి. ప్రకటనల్లో చూపించేంత లాభం రాదు. చివర్లో ఒక మెలిక కూడా ఉంది, అది తెలియకుండా సంతకం పెడితే మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. తెలిసి తీసుకుంటే మాత్రం మంచి పథకం. అయితే ఈ పథకం అసలు ఎవరి దగ్గరికి చేరడం లేదో అది కూడా చెప్పాలి, నేను ఈ రివ్యూ రాయడానికి సగం కారణం అదే.

నేను కేంబ్రిడ్జ్‌లో ఆడెన్‌బ్రూక్స్ ఆసుపత్రి పక్కన ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను. మా ఇల్లు దక్షిణాన సాస్టన్ అనే ఊళ్లో. దూరం ఆరేడు కిలోమీటర్లు, దారంతా చదును, తెనాలి చుట్టుపక్కల రోడ్లలాగే ఎక్కడా ఎత్తుపల్లాలు ఉండవు. 7 నంబరు బస్సు ఉంది. టికెట్ గరిష్ఠ ధర 2023లో 2 పౌండ్లు పెట్టారు, 2025 జనవరి నుంచి 3 పౌండ్లు చేశారు. అంటే రానుపోను 6. కారులో వెళ్తే పార్కింగ్ దొరకడమే ఒక టెన్షన్. ఉదయం ఆసుపత్రి వైపు వెళ్లే రోడ్లన్నీ కార్లతో నిండిపోయి ఉంటాయి, పక్కన సైకిళ్లు ఆగకుండా వెళ్లిపోతుంటాయి. అది చూసే సైకిలు కొందామనుకున్నాను.

దారి గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే దారి బాగా లేకపోతే ఎంత పన్ను తగ్గించినా ఎవరూ తొక్కరు. గ్రేట్ షెల్ఫర్డ్ అనే ఊరు దాటాక రైలు పట్టాల పక్కనే ఆసుపత్రి దాకా కార్లు రాని సైకిల్ బాట ఉంది. దాని మీద నాలుగు రంగుల్లో 10,257 గీతలు వేసి ఉంటాయి. బీఆర్‌సీఏ2 అనే జీన్‌లోని నాలుగు రకాల అక్షరాల వరుస అది, ఒక్కో రకానికి ఒక్కో రంగు. రొమ్ము క్యాన్సర్‌తో సంబంధం ఉన్న జీన్. ఆ వరుసను చదవడంలో దగ్గర్లోని సాంగర్ అనే జన్యు పరిశోధన సంస్థ పని కూడా ఉంది. బ్రిటన్ జాతీయ సైకిల్ మార్గాలు పది వేల మైళ్లకు చేరిన గుర్తుగా 2005లో ఈ బాట తెరిచారు. ల్యాబ్‌లో పనిచేసేదాన్ని కాబట్టి ఆ గీతల మీద తొక్కుకుంటూ పనికి వెళ్లడం నాకు నిజంగా ఇష్టం.

ఇక స్కీమ్. ఇది 1999 ఫైనాన్స్ చట్టంతో వచ్చింది. సైకిలు మీ కంపెనీ కొంటుంది, లేదా కంపెనీ తరఫున ఒక స్కీమ్ సంస్థ కొంటుంది. మీరు దాన్ని అద్దెకు తీసుకుంటారు. మన ఊళ్లో చిన్నప్పుడు గంటకింత అని ఇచ్చి అద్దె సైకిలు తెచ్చుకున్నట్టే, కాకపోతే ఇక్కడ అద్దె ఏడాదికి, అదీ జీతంలోంచి. కిటుకు ఏమిటంటే ఆ అద్దెను పన్ను పడకముందు ఉన్న జీతంలోంచి తీస్తారు. జీతమే అంత తగ్గినట్టు లెక్క కాబట్టి ఆ భాగం మీద ఇన్‌కం ట్యాక్స్ గానీ, నేషనల్ ఇన్సూరెన్స్ (పెన్షన్‌లాంటి వాటి కోసం జీతంలోంచి ప్రభుత్వం పట్టుకునే చందా) గానీ ఉండదు. లాభమంతా అక్కడినుంచే. వడ్డీ లేదు.

ఒకప్పుడు వ్యాట్ కూడా మిగిలేది. 2012 జనవరి నుంచి అది పోయింది. మరోవైపు, చాలా కంపెనీల్లో వెయ్యి పౌండ్ల పరిమితి ఉండేది, దానికంటే ఖరీదైన సైకిలు కుదిరేది కాదు. 2019లో ప్రభుత్వం నిబంధనలు స్పష్టం చేశాక, అనుమతి ఉన్న సంస్థల ద్వారా వెయ్యి దాటిన సైకిళ్లు కూడా ఇవ్వడం మొదలైంది. ఈ-బైకులు అందరికీ అందుబాటులోకి వచ్చింది అప్పుడే. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి, ఊళ్లు దూరంగా ఉన్నవాళ్లకి ఇది చాలా పెద్ద మేలు. మోటారు 250 వాట్లు దాటకుండా, గంటకు 15.5 మైళ్ల దగ్గర సాయం ఆగిపోయేదైతే దాన్ని మామూలు సైకిలుగానే చూస్తారు. లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

నా లెక్క ఇదీ. సైకిలు 650 పౌండ్లు. గట్టి తాళం 70, హెల్మెట్ 40, లైట్లు 40, వెనక క్యారియర్‌కి తగిలించే సంచీ 70, మెరిసే పట్టీలున్న జాకెట్ 30. మొత్తం 900. ఈ సామాన్లన్నీ స్కీమ్ కిందే వస్తాయి, చాలామందికి ఆ సంగతి తెలియదు, ఒక్క సైకిలుకే అనుకుంటారు. గంట, పంపు, పంక్చర్ కిట్, మడ్‌గార్డులు కూడా వస్తాయి. కారు మీద సైకిలు కట్టుకునే ర్యాకులాంటివి రావు.

900ని పన్నెండు నెలలకి పంచితే నెలకి 75. నేను 20 శాతం పన్ను కట్టేదాన్ని, నేషనల్ ఇన్సూరెన్స్ 8 శాతం. రెండూ కలిపి 28. అంటే పే స్లిప్పులో 75 తగ్గినట్టు కనిపించినా చేతికొచ్చే జీతంలో తగ్గేది 54 పౌండ్లే. ఏడాదికి 648. మిగిలింది 252.

అదే సైకిలు మా ల్యాబ్ పెద్దగారు తీసుకుంటే? ఆయన 40 శాతం శ్లాబులో ఉంటారు, నేషనల్ ఇన్సూరెన్స్ ఆ పై భాగానికి 2 శాతమే. ఆయనకి నెలకి 43.50 పడుతుంది, ఏడాదికి 522. అంటే 378 మిగులుతుంది. జీతం ఎక్కువున్న మనిషికి అదే సైకిలు నాకంటే 126 పౌండ్లు చవక. ఇది స్కీమ్ నడిపే సంస్థల తప్పు కాదు, పన్ను మినహాయింపు రూపంలో ఏ సాయం ఇచ్చినా అలాగే పంచబడుతుంది. కానీ పని దూరాన్ని సైకిలు మీద దాటాలన్న కోరికకి జీతంతో సంబంధం లేనప్పుడు సాయం మాత్రం జీతాన్ని బట్టి పెరగడం నాకు మింగుడు పడదు.

ఇక మొదట్లో చెప్పిన మెలిక. ఏడాది అద్దె కట్టాక సైకిలు మీదైపోతుందని అందరూ అనుకుంటారు. అవదు. అది ఇంకా అద్దె ఇచ్చినవాళ్లదే. మీరు దాన్ని సొంతం చేసుకోవాలంటే అప్పటి విలువ కట్టాలి, ఆ విలువకి పన్నుల శాఖ ఒక పట్టిక ఇచ్చింది. 500 పౌండ్లు, అంతకు మించి ఖరీదున్న సైకిలుకి ఏడాది తర్వాత విలువ అసలు ధరలో 25 శాతం. నా 900కి అది 225. అంటే 648కి ఇది కలిపితే 873. ఇంత కాగితాల తతంగం చేసి నాకు మిగిలేది 27 పౌండ్లు! మామూలుగా దుకాణంలో దసరా, క్రిస్మస్ సేల్ కోసం ఆగినా అంతకంటే తగ్గుతుంది.

దీనికి దారి ఉంది. అదే పట్టికలో రెండేళ్లకి 17, మూడేళ్లకి 12, నాలుగేళ్లకి 7 శాతం. అందుకే చాలా స్కీముల్లో ఏడాది అయ్యాక అద్దె గడువును ఇంకో మూడేళ్లు పొడిగించుకోవచ్చు, ఆ మూడేళ్లకి నెలవారీ అద్దె ఉండదు, 7 శాతం డిపాజిట్ కడితే చాలు. గడువు పూర్తయ్యాక ఆ డిపాజిట్‌నే విలువ కింద జమ చేసుకుని సైకిలు మీకు రాసిస్తారు. నాకు అది 63 పౌండ్లు. మొత్తం 711, మిగులు 189. 500 లోపు సైకిలైతే ఈ డిపాజిట్ 3 శాతమే. ఏడాది చివర్లో స్కీమ్ సంస్థ నుంచి వచ్చే ఈమెయిల్‌లో 'ఇప్పుడే కొనేయండి' అన్న బటన్ పైన కనిపించి, పొడిగింపు కింద ఎక్కడో ఉంటే తొందరపడకండి. కింద దాకా చదవండి.

సంతకానికి ముందు అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. జీతం కాగితం మీద తగ్గుతుంది కాబట్టి పిల్లల కోసం ప్లాన్ చేసుకుంటున్న ఆడవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ప్రసూతి సెలవులో చట్టప్రకారం వచ్చే డబ్బును అంతకుముందు కొన్ని వారాల సగటు జీతం మీద లెక్కిస్తారు, ఆ సగటు సైకిలు అద్దె పోయిన తర్వాతి జీతమే. ఆ వారాల్లో కోత పడకుండా ముందో వెనకో చూసుకోవడం మంచిది. ఇది మన అమ్మాయిలకి ఎవరూ చెప్పరు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. పెన్షన్ ఏ జీతం మీద లెక్కిస్తున్నారో కూడా హెచ్.ఆర్.ని అడగండి. ఉద్యోగం మధ్యలో మారితే మిగిలిన అద్దె మొత్తాన్ని చివరి జీతంలోంచి, పన్ను కట్టిన డబ్బులోంచి తీసేస్తారు, ఆ భాగానికి తగ్గింపు ఉండదు. ప్రాజెక్టు ఎప్పుడు అయిపోతుందో తెలియని ఐటీ పిల్లలు దీన్ని గుర్తు పెట్టుకోవాలి. వీసా మీద ఉన్నవాళ్లు, కాగితం మీద జీతం తగ్గితే వీసాకి ఏమైనా అడ్డొస్తుందా అని స్పాన్సర్‌ని (వీసా ఇప్పించిన కంపెనీని) ముందే అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

మా దగ్గర దరఖాస్తు ఆన్‌లైన్లో పది నిమిషాల పని. ఆ తర్వాత హెచ్.ఆర్. ఆమోదం రావడానికి మాత్రం వారాలు పట్టింది, రెండుసార్లు గుర్తు చేయాల్సి వచ్చింది. ఆమోదం వచ్చాక ఒప్పందం మీద సంతకం, తర్వాత ఒక కోడ్ ఉన్న సర్టిఫికెట్. దాన్ని దుకాణంలో చూపించి సైకిలు తెచ్చుకోవడమే.

దుకాణం దగ్గర ఒక సంగతి తెలిసింది. స్కీమ్ మీద అమ్మిన ప్రతి సైకిలుకి దుకాణంవాళ్లు స్కీమ్ సంస్థకి కమిషన్ కట్టాలి. పెద్ద గొలుసు దుకాణాలకి అదో లెక్క కాదు. ఒక్క మనిషి నడుపుకునే రిపేరు షాపుకి మాత్రం మిగిలే లాభంలో పెద్ద ముక్క పోతుంది. అందుకే కొన్ని చోట్ల సేల్‌లో ఉన్న సైకిలు స్కీమ్ మీద ఇవ్వరు, కొన్ని చోట్ల పైన కొంత అడుగుతారు. నేను వెళ్లిన చిన్న షాపు ఆయన ఈ సంగతి నాకు ఓపిగ్గా చెప్పాడు. ధర మాత్రం పెంచలేదు. పంక్చర్ వేయాలన్నా, గేరు సరిచేయాలన్నా మళ్లీ వెళ్లాల్సింది ఆయన దగ్గరికే కదా, అందుకని అక్కడే కొన్నాను. ప్రభుత్వం తన ఆదాయం వదులుకుని ఇస్తున్న సాయంలో కొంత మధ్యలోని సంస్థలకి పోవడం, అదీ వీధి చివర షాపు జేబులోంచి పోవడం సరైన పద్ధతి కాదు.

నేను తీసుకున్నది లేడీస్ సైకిలు, నడుమ రాడ్డు కిందికి వంగి ఉండేది. చైన్ మొత్తం కవరులో ఉంటుంది కాబట్టి చున్నీ, సల్వార్ చిక్కుకుంటాయన్న భయం లేదు. మడ్‌గార్డులు పూర్తి సైజువి. ఇంగ్లండ్ వానకి అవి లేకపోతే వీపంతా బురదే. సంచీలో లంచ్ బాక్సు నిలువుగా పడుతుంది, పప్పుచారు ఒలకలేదు. డైనమో లైట్లు కాకుండా బ్యాటరీవి తీసుకున్నాను. ఇక్కడ డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. పొద్దు గూకాక ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు లేకుండా తొక్కడం చట్టవిరుద్ధం, అంతకంటే ముఖ్యం, ప్రాణం మీదికి వస్తుంది. లైట్ల దగ్గర పిసినారితనం వద్దు.

తాళం దగ్గరా వద్దు. కేంబ్రిడ్జ్‌లో సైకిళ్లు ఎంత ఎక్కువో దొంగతనాలూ అంతే. సైకిలు పోతే అద్దె ఆగదు. మీది కాని వస్తువుకి, మీ దగ్గర లేని వస్తువుకి నెలనెలా కడుతూ ఉండాలి. తాళాల గట్టితనాన్ని పరీక్షించే సోల్డ్ సెక్యూర్ సంస్థ గోల్డ్ ముద్ర ఉన్న డీ-లాక్ కొనండి. ఇంటి ఇన్సూరెన్స్‌లో బయట పెట్టిన సైకిలుకి కూడా వర్తిస్తుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. ఫ్రేము కింద ఉండే నంబరు బైక్‌రిజిస్టర్‌లో నమోదు చేయండి, పోలీసులు చూసేది ఆ డేటాబేస్‌నే.

యజమానులకీ ఇందులో లాభం ఉంది. మన తెలుగువాళ్లలో చిన్న కంపెనీలు, రెస్టారెంట్లు, ఫార్మసీలు నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. ఉద్యోగి జీతం కాగితం మీద తగ్గితే యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ కూడా తగ్గుతుంది. అది 2025 ఏప్రిల్‌లో 13.8 నుంచి 15 శాతానికి పెరిగింది. నా సైకిలు మీద మా కంపెనీకి మిగిలింది 135 పౌండ్లు. 'మా చిన్న షాపుకి ఇవన్నీ ఎందుకండీ' అనే ఓనర్లకి ఈ అంకె చూపించండి.

ఇక ఈ స్కీమ్ అందనివాళ్లు. మా వీధిలో మన తెలుగమ్మాయి ఒకామె ఉంది, నెల్లూరు వైపు. కేర్ వర్కర్. పొద్దున్నే ఒక ముసలావిడకి స్నానం చేయించి, అక్కడినుంచి ఇంకో ఇంటికి వెళ్లి మందులు ఇచ్చి, మధ్యాహ్నం మూడో ఇంట్లో భోజనం పెట్టి, ఇలా రోజంతా ఇల్లిల్లూ తిరిగే పని. ఆమెకి కారు లేదు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న సైకిలు మీదే తిరుగుతుంది. నా కొత్త సైకిలు చూసి,

"అక్కా, నాకూ ఇలా జీతంలో పట్టుకుని ఇస్తారా?" అంది.

"మీ ఆఫీసులో అడిగావామ్మా?"

"అడిగానక్కా. నీ జీతానికి రాదన్నారు."

ఆమెకి చెప్పింది నిజమే. జీతం కోతతో నడిచే ఏ పథకమూ మనిషి జీతాన్ని కనీస వేతనం కంటే కిందికి దించకూడదు. 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవాళ్లకి దాన్ని గంటకు 12.21 పౌండ్లు చేశారు. కనీస వేతనం దగ్గరే ఉన్న మనిషి జీతంలోంచి ఒక్క పౌండు కూడా కోయడానికి వీల్లేదు. ఆ నియమం కార్మికుల రక్షణ కోసం పెట్టిందే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ దాని ఫలితం చూడండి. ఏసీ గదిలో కూర్చునే నాకు 189 పౌండ్లు, మా పెద్దగారికి ఇంకా ఎక్కువ, రోజంతా వానలో పెడల్ తొక్కే ఆమెకి సున్నా. సొంతంగా పనిచేసే వాళ్లకి కూడా లేదు. అంటే ఇంటింటికీ భోజనం తెచ్చే డెలివరీ కుర్రాళ్లలో ఎక్కువమందికి రాదు. బ్రిటన్‌లో పగలంతా సైకిలు మీదే ఉండేవాళ్లే ఈ స్కీమ్‌లో లేకుండా పోయారు. పాతికేళ్లు దాటిన పథకంలో ఈ లోపాన్ని ఇంకా సరిచేయకపోవడం నాకు చాలా బాధగా ఉంది, కోపంగా కూడా ఉంది. పన్ను మినహాయింపుతో అందనివాళ్లకి ఇంకో దారి పెట్టడం అసాధ్యమేమీ కాదు. స్కాట్లాండ్‌లో ఈ-బైకు కొనడానికి ప్రభుత్వ నిధులతో వడ్డీ లేని అప్పులు ఇచ్చారు. అలాంటిది కనీస వేతనం వాళ్లకి దేశమంతా పెట్టొచ్చు.

ఆమెకి పనికొచ్చేది ఒకటి ఉంది, అది నేనే చెప్పాను. పని మీద ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి సొంత సైకిలు మీద వెళ్తే మైలుకి 20 పెన్నీల దాకా యజమాని పన్ను లేకుండా ఇవ్వచ్చు. ఇవ్వకపోతే, లేదా తక్కువ ఇస్తే, ఆ తేడా మీద పన్ను ఉపశమనం మనమే క్లెయిమ్ చేసుకోవచ్చు. ఇంటి నుంచి మొదటి పేషెంటు దాకా వెళ్లేది మామూలుగా లెక్కలోకి రాదు, పేషెంట్ల మధ్య తిరిగేది వస్తుంది. డబ్బు పెద్దగా కాదు, 20 శాతం పన్ను కట్టేవాళ్లకి మైలుకి 4 పెన్నీలు. అయినా ఆమె హక్కు ఆమెకి రావాలి. ఇప్పుడు ఫోన్‌లో రోజూ ఏ ఇంటి నుంచి ఏ ఇంటికో, ఎన్ని మైళ్లో రాసుకుంటోంది. ఈ పని చేసే తెలుగువాళ్లు ఎవరైనా తెలిసి ఉంటే దయచేసి ఈ పేరా వాళ్లకి పంపండి.

మన దేశంలో ఉద్యోగి సైకిలు మీద పనికి వెళ్తే ఆదాయపు పన్నులో ఇలాంటి రాయితీ ఏదీ లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. నాకు ఆ పద్ధతి ఒక రకంగా నచ్చింది, ఎందుకంటే పే స్లిప్పు లేని తాపీ మేస్త్రీకి, పాలు పోసేవాడికి కూడా అదే తగ్గింపు అందుతుంది. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు. ఎండ తగలకుండా బాగుంటుందని మా తమ్ముడు ఫొటోలు పంపాడు. వాడు దాని మీద తొక్కేది ఆదివారాలే. కారులో సైకిలు పెట్టుకుని వెళ్లి తొక్కి వస్తాడు. ఇంటి నుంచి ఆఫీసు దాకా అలాంటి బాట ఉంటే రోజూ తొక్కుతానంటాడు, వాణ్ని నేను నమ్ముతాను.

నా మార్కులు అయిదుకి మూడున్నర. సైకిలుకీ సామాన్లకీ కలిపి దొరికే తగ్గింపుకి, వడ్డీ లేని వాయిదాలకి ఆ మూడున్నర. చివరి విలువ సంగతి మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయనందుకు అర మార్కు కోశాను, తక్కువ జీతం వాళ్లని వదిలేసినందుకు ఒక మార్కు. మీ కంపెనీలో ఏ సంస్థ ద్వారా ఇస్తున్నారో, పొడిగింపుకి డిపాజిట్ ఎంతో, సంతకం పెట్టకముందే ఈ రెండూ రాతపూర్వకంగా అడగండి.